కృపానందం మూసిన కన్నాలు

ఆ ఆదివారం ఉదయం కృపానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. హాల్లో ఉన్న టీవీని పడకగదిలోకి మార్చాలి. దాని వెనక ఇంటర్నెట్ వైరు తగిలించాలి. పదిన్నరకల్లా మంచం మీదున్న భార్యకు చర్చి ఆరాధన లైవ్‌లో చూపించాలి. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా లారీల డీజిల్ పంపులు విప్పి బిగిస్తున్న మనిషికి ఇదంతా పావుగంట పని.

కానీ ఆ పావుగంట మీదే అతని పరువంతా ఆధారపడి ఉంది. పదిహేను రోజుల క్రితం, షాపులో పూర్తికాని పంపు ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆ సంచి మెట్ల మీద కార్చిన నూనె మీద కాలు జారి అమలమ్మ పడింది. కాలికి పిండికట్టు పడింది. ఇరవై ఆరేళ్ళుగా చర్చి గాయకబృందంలో పాడుతూ, మొట్టమొదటిసారి ఆవిడ సొంతంగా ఒక పాట రాసి, బాణీ కట్టి అందరికీ నేర్పింది. దాన్ని పాడేది ఈ ఆదివారమే. ఆవిడ లేకుండా.

అమలమ్మ మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేదని కృపానందానికి అనిపించింది. "నిన్ను చర్చికి మోసుకెళ్ళలేను గానీ అమలా, చర్చినే నీ మంచం దగ్గరికి తీసుకొస్తా చూడు" అని మాటిచ్చేశాడు.

అతనికి వృత్తివల్ల వచ్చిన అలవాటొకటి ఉంది. డీజిల్ లైను విప్పినప్పుడు నోరు తెరుచుకున్న ప్రతి గొట్టాన్నీ అక్కడికక్కడే మూసేయాలి. నలకంత దుమ్ము పోతే చాలు, పంపు పాడవుతుంది. అందుకని అతని చొక్కా జేబులో ఉతికి మడతపెట్టిన గుడ్డముక్కలు ఎప్పుడూ ఉంటాయి. మూత లేని సీసా ఎదురుగా ఉంటే అతనికి ముద్ద దిగదు.

తొమ్మిదిన్నరకి టీవీ పడకగదిలోకి వచ్చింది. వైరు వెనక సాకెట్లో పెట్టబోతే కొంచెం బిర్రుగా అనిపించింది. గట్టిగా నొక్కి, ఊడకుండా నల్ల టేపు చుట్టాడు. టీవీ వెలిగింది. "నెట్‌వర్క్ కేబుల్ కనెక్ట్ కాలేదు" అని తెర మీద మర్యాదగా అక్షరాలు పడ్డాయి.

అమలమ్మ అప్పటికే తల దువ్వుకుని, మంగళగిరి చీర కట్టుకుని, ఒళ్ళో పాటల పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, ఇందాక మీరు టీవీ హాల్లోంచి తీసేటప్పుడు..."

"ఆగు అమలా, లైను చూస్తున్నా."

"పోనీ ఫోన్లో చూస్తాలెండి."

"పాతికమంది గాయకుల్ని అరచేతిలో చూస్తావా? వీల్లేదు!"

పంపుకి డీజిల్ అందకపోతే లైను పట్టుకుని ట్యాంకు దాకా వెతుక్కుంటూ పోవాలి. ఆటోనగర్‌లో ఎవరైనా చేసేది అదే. కృపానందం వైరు పట్టుకుని గోడవెంట నడిచి, గుమ్మం దాటి, మెట్ల దగ్గరున్న ఇనపపెట్టె దాకా వెళ్ళి తలుపు తెరిచాడు. తెరిచినవాడు అలాగే నిలబడిపోయాడు.

పటమటలోని ఆ అపార్టుమెంటులో ఉన్న పదహారు ఇళ్ళకీ, వెనక సందులోని చర్చికీ నెట్టు ఆ పెట్టెలోంచే వెళుతుంది. వరసగా సాకెట్లు, వాటికి సన్నటి వైర్లు, ఒక్కో వైరు పక్కన మిణుకుమిణుకుమంటూ ఒక ఆకుపచ్చ దీపం. చప్పుడు లేదు, పొగ లేదు, నూనె వాసన లేదు. ఇంత సన్నటి తీగలోంచి పాతికమంది మనుషులూ, వాళ్ళ గొంతులూ, పాస్టరుగారి తెల్లంగీతో సహా ఎలా దూరి వస్తున్నారు? కృపానందం చేతులు ప్యాంటుకి శుభ్రంగా తుడుచుకున్నాడు. ముట్టుకోవడానికి కూడా భయమేసింది.

అంతలో, పని తెలిసినవాడి కంటికి లోపం కనిపించింది. ఒక సాకెట్ నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కనే జానెడు వైరొకటి ఒక చివర ఇంకో సాకెట్లో దూరి, రెండో చివర గాల్లో వేలాడుతోంది. దుమ్ము పడదూ! ఎవడు బిగించాడో గానీ బొత్తిగా శ్రద్ధ లేని మనిషి అనుకుని, వేలాడుతున్న చివరని ఖాళీ సాకెట్లోకి తోశాడు. టిక్కుమంది.

మరుక్షణం దీపాలన్నీ ఒక్కసారిగా పూనకం వచ్చినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. "అద్దీ! ఇప్పుడు అందుకుంది ఇంజను" అని కృపానందం పరవశించిపోయాడు.

రెండు నిమిషాల్లో పైఅంతస్తు తలుపు తెరుచుకుంది. ఛాయాదేవి గారు పరుగెత్తుకుంటూ దిగారు. ఆవిడ మేనకోడలికి వీడియో కాల్‌లో పెళ్ళిచూపులు జరుగుతున్నాయి.

"అబ్బాయి మూతి వంకర పెట్టి అలాగే ఉండిపోయాడండీ! పిలిచినా పలకట్లేదు. మా పిల్ల నచ్చలేదంటారా?"

ఆ వెనకే అసోసియేషన్ ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు లుంగీ సర్దుకుంటూ వచ్చారు. పదహారు ఇళ్ళలోనూ నెట్టు పోయిందని తెలిసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తేల్చేశారు.

"హ్యాకింగ్. సందేహం లేదు. అందరూ టీవీలు ఆపేయండి. ఎందుకైనా మంచిది, ఫ్రిజ్‌లు కూడా ఆపండి."

"కంగారుపడకండి, ఇక్కడ ఫుల్ ఫోర్సులో ఉంది. చూడండి" అన్నాడు కృపానందం పెట్టె తలుపు బార్లా తెరిచి. జనం మూగారు. అంత వేగంగా కొట్టుకునే దీపాలు వాళ్ళెప్పుడూ చూడలేదు. ఛాయాదేవి గారు పెళ్ళికొడుకుని మరిచిపోయి నోరు తెరిచారు. కృపానందం స్క్రూడ్రైవర్ మొన పెట్టెకి, పిడి చెవికి ఆనించి విన్నాడు. 

"ఇంజనులో లోపం లేదు. ఇళ్ళల్లోనే ఎక్కడో ఉంది" అని తీర్పు చెప్పాడు. రామకోటేశ్వరరావు గారంతటివారు తలూపారు. ఇంటింటికీ తిరిగి వైర్లు చూడమని అతనికే అప్పగించారు. అతను నాలుగిళ్ళు తిరిగి, నాలుగిళ్ళలోనూ బాగున్న వైర్లు ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు.

పదకొండుంబావుకి అతని ఫోను మోగింది. గాయకబృందాన్ని నడిపించే డయానా.

"అంకుల్, చర్చిలో లైవ్ ఆగిపోయింది. నెట్టు లేదు."

కృపానందం మెట్ల మీద కూలబడ్డాడు. "పాట అయిపోయిందామ్మా?"

"ఆంటీ చూడకుండా ఎత్తుకుంటామా! అందరం మూతులు బిగించుకుని కూర్చున్నాం. లైవ్ వచ్చేదాకా పాస్టరుగారు ప్రసంగం పొడిగిస్తున్నారు. నోవహు ఓడ దగ్గర మొదలెట్టి ఇప్పుడు ఐగుప్తులో ఉన్నారు. జనానికి ఆకలేస్తోందంకుల్. ఫిన్నీని పంపిస్తున్నాం, పెట్టె చూపించండి."

ఫిన్నీ కేబుల్ ఆఫీసులో నెట్టు కనెక్షన్లు చూసే అమ్మాయి, అదే చర్చి. ఆరాధన మధ్యలోంచి లేచి, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని గబగబా మెట్లెక్కింది. పెట్టెలోకి ఒక్కసారి చూసింది.

"ఇది సర్దిందెవరు?"

అందరూ గర్వంగా కృపానందాన్ని చూపించారు.

"ఈ వైరు రెండు చివరలూ ఇదే పెట్టెలో ఉన్నాయంకుల్. ఇందులోంచి వెళ్ళిందే మళ్ళీ ఇందులోకొస్తోంది. ఒకే మాట లక్షలసార్లు గిరగిరా తిరుగుతోంది. ఇంక ఎవరి మాటా బయటికి పోలేదు."

ఆమె వేలితో ఒక్క చివర లాగింది. పూనకం దిగింది. దీపాలు మళ్ళీ నెమ్మదిగా మిణుకుమన్నాయి. పై నుంచి, పక్క నుంచి టీవీల గొంతులు ఒక్కొక్కటే లేచాయి. జానెడు తీగ పదహారు ఇళ్ళనీ, ఒక పెళ్ళిచూపులనీ, ఒక చర్చినీ ఆపేసిందని విని అందరూ మెడలు సాచి ఆ తీగనే చూశారు. కృపానందానికి సిగ్గుకంటే ముందు ఆశ్చర్యమే వచ్చింది.

"మరి దుమ్ము పడదామ్మా?" అన్నాడు చిన్నగా.

"పడినా ఏం కాదంకుల్."

అందరూ వెంటరాగా అతను గదిలోకి పరుగెత్తాడు. టీవీ తెర మీద మళ్ళీ అవే అక్షరాలు. కేబుల్ కనెక్ట్ కాలేదు.  ఇచ్చిన మాట కూడా తప్పాను అనుకున్నాడు కృపానందం.

"ఇప్పుడైనా వింటారా?" అంది అమలమ్మ. "హాల్లో వైరు తీశాక, టీవీ వెనక సాకెట్లో జేబులోంచి గుడ్డముక్క తీసి కుక్కారు. పొద్దుట్నుంచీ అదే చెబుదామని చూస్తున్నా."

 అమలమ్మ తల్లోంచి పిన్ను తీసి ఇచ్చింది. కృపానందం టేపు విప్పి, వైరు లాగి, పిన్నుతో లోపల కెలికితే శుభ్రంగా మడతపెట్టిన ఆకుపచ్చ గుడ్డముక్క బయటికొచ్చింది. వైరు పెట్టాడు. టిక్కుమంది.

తెర నిండా చర్చి. పాస్టరు పాల్ గారు చెమటలు తుడుచుకుంటూ, ఎర్రసముద్రం కథని సగంలో ఆపేసి పక్కకి తప్పుకున్నారు. డయానా చెయ్యెత్తింది.

"ఎండిన కాలువలో నీ కరుణ పారింది..."

కంకిపాడు పొలాల మధ్య పుట్టిన అమలమ్మ రాసిన పాట అది. బీటలు వారిన కాలువకి మొదటి నీళ్ళొచ్చినప్పటి సంబరం అందులో ఉంది. మంచం చుట్టూ నిలబడ్డవాళ్ళు చేతులు కట్టుకున్నారు. రామకోటేశ్వరరావు గారు చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టొచ్చారు. అమలమ్మ పెదవులు పాటతోపాటే కదులుతున్నాయి. ముప్పై ఏళ్ళుగా వంటింట్లోంచి కూనిరాగంగా వినబడుతున్న ఆ గొంతు వెనక ఇంత పాట ఉందా అని కృపానందం నిర్ఘాంతపోయి, కళ్ళు తుడుచుకోవడానికి చేతిలో ఉన్న ఆకుపచ్చ గుడ్డనే వాడాడు.

పాట అయ్యాక అమలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పదిన్నరకే పాడేసుంటే నేను చూసుండేదాన్నా? టీవీలో గుడ్డ ఉందిగా. మీ పిచ్చి వైరువల్లే నా పాట నాకు దక్కింది."

పైఅంతస్తు నుంచి కూడా కబురొచ్చింది. అమ్మాయి అంతసేపు కదలకుండా, తలెత్తకుండా కూర్చుందని అబ్బాయి తల్లి ముచ్చటపడి, సంబంధం ఖాయమన్నదట.

సాయంత్రం రామకోటేశ్వరరావు గారు మెట్ల దగ్గరి పెట్టెకి పెద్ద తాళం వేయించారు. మర్నాడు చూస్తే, తాళంచెవి దూర్చే కన్నంలో శుభ్రంగా మడతపెట్టిన గుడ్డముక్క ఉంది.