కూర్మయ్య కత్తిరించిన కొసలు

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, ఒక పొద్దున్న, గున్నమ్మకు మిగిలిన పని ఒక్కటే. ఎండాకాలమంతా కూర్చుని అల్లిన క్రోషా టేబులు గుడ్డలో వేలాడుతున్న దారపు కొసల్ని సూదితో అల్లికలోకి దూర్చి కుట్టేసి, నెల్లిమర్ల మహిళా మండలికి పట్టుకెళ్లాలి. ఎరుపు ఆపి పసుపు, పసుపు ఆపి తెలుపు కలిపిన ప్రతిచోటా రెండేసి కొసలు వదిలింది. గుడ్డ నచ్చితే మండలిలో కుట్టు టీచరు ఉద్యోగం ఇస్తారు. పెళ్లయ్యాక ఆమె తనకోసం కోరుకున్నది అదొక్కటే.

"కుళాయికాడికెళ్లొస్తాను. పిల్లి దారం పీకీకుండా సూడు మావా," అని బిందె పట్టుకుని వెళ్లింది.

కూర్మయ్య జూట్ మిల్లులో గోనెసంచులు తనిఖీ చేస్తాడు. పీచు వేలాడితే కత్తిరించడం, ఆపైన సంచిని గట్టిగా లాగి చూడడం ఆయన ఉద్యోగం. ఇంట్లో తాగిన చెంబు తీసి పక్కన పెట్టని ఆ మహానుభావుడికి, భార్యకు సాయం చేయాలన్న బుద్ధి సరిగ్గా ఆ పూటే పుట్టింది. కొసలన్నీ మొదలంటా కత్తిరించాడు. అలవాటు కొద్దీ లాగి చూశాడు. రంగు మారిన చోటల్లా అల్లిక నోరు తెరిచింది.

"ఓలమ్మో!" ముడేద్దామంటే కొస మిగిలితేగా! గోడమీంచి పక్కింటి అసిరయ్యను కేకేశాడు.

"ఏటైనాది బావా?"

"ఏటీ అవనేదు. ఇది అతకాల."

"దానికేటి, గంజెట్టీ! మా అయ్య పంచికి ఎడితే కర్రలాగ నిలబడతాది."

ఇద్దరు మేధావులూ కలిసి కుండెడు గంజి పోసి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేశారు. గుడ్డ అప్పడంలా బిగుసుకుంది. కుళాయి దగ్గర జనం ఎక్కువై గున్నమ్మ ఆలస్యంగా వచ్చింది.

"కొసలేవి మావా?"

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వు కట్టపడతన్నావని నానే లోపలికి కుట్టీసినాను."

గున్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇన్నాళ్లకి నామీద దయ కలిగినాదా మావా!"

నిజం చెప్పడానికి అది మంచి సమయమే. కూర్మయ్య దాన్ని మర్యాదగా దాటనిచ్చాడు.

మొగుణ్ణి వెంటబెట్టుకుని మండలికి వెళ్లిన గున్నమ్మ అక్కడ కనబడ్డ ప్రతి ఆడమనిషినీ ఆపింది. "కొసలన్నీ మా ఆయనే కుట్టినాడు! మీ ఇళ్లల్లో ఉన్నారేటి ఇలాటోలు?" ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కూర్మయ్య కండువా సర్దుకున్నాడు.

అధ్యక్షురాలు పద్మకుమారిగారు గుడ్డను బల్లమీద పరిపించి, మురిసిపోతూ మంచినీళ్ల గ్లాసు అందుకోబోయి దానిమీదే ఒలకబోశారు. గంజి కరిగింది. తుడుద్దామని ఆవిడ గుడ్డ ఎత్తేసరికి అతుకులన్నీ విడిపోయి, ఎరుపూ పసుపూ పోగులు పోగులుగా నేలమీదికి జారాయి.

"అయిపోనాది నా ఉద్యోగం," అని గున్నమ్మ కూలబడింది. గుండె చెరువైంది పాపం.

పద్మకుమారిగారు కళ్లజోడు పెట్టుకుని ఊడని భాగమంతా తిప్పి తిప్పి చూశారు. "అల్లిక ఒక్కచోట తప్పలేదమ్మా. చెడిందల్లా కొసల దగ్గరే. అవి కుట్టిందెవరన్నావు?"

మండలి మొత్తం కూర్మయ్యవైపు తిరిగింది.

"నానేటీ కుట్టనేదండీ! కత్తిరించినానంతే!"

గున్నమ్మ లేచి నిలబడింది. "ఇంటికి పద మావా, సెప్తాను."

ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఆ రోజు నుంచి కూర్మయ్య తాను చేసిన మంచిపనిని కూడా తనదని ఒప్పుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుతో ఇంతవరకూ అవసరం పడలేదు.