ఎండకు లేచే ఇనప పలక

"నీ భూతద్దం ఒక మేధావి చేతిలో ఉందమ్మా. గర్వపడు," అన్నారు మా ఆయన.

"గర్వం తర్వాత పడతాను. ముందు పేపరు చదువుకోవాలి, ఇటు తే," అంది మా అత్తగారు.

కాఫీల దగ్గర మొదలైన గొడవ స్నానాల వేళ దాకా వచ్చింది. మా ఆయనకు కళ్లజోళ్ల షాపు ఉంది. అద్దాలకు కొదవ లేదు. కానీ పిడి ఉన్న భూతద్దం మాత్రం అత్తగారి దగ్గరే ఉంది. పిడి లేకపోతే చూసేవాళ్లకు డిటెక్టివ్‌లా అనిపించరట.

"నాలాంటి బుర్ర ఈ ఊళ్లో ఇంకోటి లేదు. నేరం జరిగిన చోట గాలి పీలిస్తే చాలు, నేరస్థుడి చెప్పుల సైజు చెప్పేస్తాను!"

"పొద్దుట్నుంచీ మీ చెప్పులే దొరకలేదు కదండీ మీకు," అన్నాను.

"అది వేరే కేసు."

"గాలి అన్నావు కాబట్టి అడుగుతున్నాను," అత్తగారు అందుకుంది. "నా గదిలో ఫ్యాను సంగతేం చేశావురా? రిమోటు నొక్కి నొక్కి బొటనవేలు వాచిపోయింది. పై బటన్ నొక్కినా తిరగదు, కింద బటన్ నొక్కినా తిరగదు. గోడ స్విచ్చి మాట ఎటూ వినదాయె."

"కొత్త బ్యాటరీలు వేయించి తెచ్చానుగా! ఒక పక్క ఘోరమైన కుట్ర జరుగుతుంటే ఈ ఫ్యాను గోలేమిటమ్మా?"

ఆ కుట్ర సంగతి చెప్పాలి. మా ఇంటి వెనక గోడకు అవతల గోడౌన్ల కాంప్లెక్స్ ఉంది. మాతోనే ఉంటున్న మా తమ్ముడు అక్కడ గేటు సూపర్‌వైజర్. గేటు ముందు రోడ్డులో ఒక ఇనప పలక పరిచి ఉంటుంది. క్యాబిన్‌లో బటన్ నొక్కితే నడుం ఎత్తున లేచి దారికి అడ్డంగా నిలబడుతుంది. లారీ కాదు కదా, లారీ తాత కూడా దాటలేడు. ఇంకో బటన్ నొక్కితే ఒద్దికగా పడుకుంటుంది. అలాంటిది వారం రోజులుగా ఎవరూ నొక్కకుండానే లేస్తోంది, ఎవరూ చెప్పకుండానే పడుకుంటోంది. సరుకు లారీ ముందుకు రాబోతే లేస్తుంది. కాపలా లేని వేళ చూసి పడుకుని, పోయే వాళ్లందరికీ దారి ఇచ్చేస్తుంది. మెకానిక్ వచ్చి మొత్తం విప్పి చూశాడు. యంత్రంలో లోపం లేదన్నాడు. యంత్రంలో లేదంటే మనిషిలో ఉన్నట్టేనని మేనేజర్ తేల్చేశాడు.

"శనివారం దాకా చూస్తాడట అక్కా. తర్వాత నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతాడట," అన్నాడు తమ్ముడు, కంచం పక్కకు జరుపుతూ.

వాడు ఏ పనిలోనూ నిలవడని మా చుట్టాలందరికీ ఒక మాట. ఈ గేటు దగ్గర మాత్రం నిలిచాడు. రోజూ చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని మరీ వెళుతున్నాడు.

"దిగులుపడకు బావమరిదీ. నేనున్నాను!"

"అదే బావా నా దిగులు."

మా ఆయన అదేమీ పట్టించుకోలేదు. భూతద్దం జేబులో వేసుకుని, వట్టి కాళ్లతో గేటు దాకా వెళ్లి, ఒక పొట్లంతో తిరిగొచ్చారు. "కీలకమైన సాక్ష్యం! క్యాబిన్ వెనక దొరికింది. ఈ చెప్పులు తొడిగినవాడు ఎడమ కాలు ఈడుస్తాడు. మహా జిత్తులమారి."

"అవి మీవేనండీ. నిన్న కాళ్లు కడుక్కుని అక్కడే వదిలేసి వచ్చుంటారు."

ఆయన చెప్పులు తొడుక్కుని చూశారు. సరిపోయాయి. "సరే, ఒక కేసు తేలింది," అన్నారు, ఏమాత్రం తొణక్కుండా. "ఇక రెండోది. బుధవారం నాడు మాత్రం పలక ఒక్కసారీ లేవలేదు. ఎందుకు?"

"ఆ రోజు వాన పడింది బావా."

"అదీ! ముఠాకి వాన గిట్టదు. ఎండ చురుక్కుమన్నప్పుడే విజృంభిస్తోంది. కాబట్టి ఇది ఎడారి ముఠా!"

"ఎడారి నుంచి మన వెనక సందు దాకా వచ్చారా పాపం," అంది అత్తగారు. "వాళ్ల గదిలోనైనా ఫ్యాను తిరుగుతుందో లేదో."

మర్నాడు మధ్యాహ్నం షాపు మూసేసి, రెయిన్‌కోటు తగిలించుకుని, మండే ఎండలో ఆయన నిఘాకు బయలుదేరారు. సందులో అందరికీ చెప్పి మరీ వెళ్లారు, ఇది అతి రహస్యమని.

నేను అత్తగారి గదిలో బట్టలు మడత పెడుతున్నాను. ఆ గది కిటికీ లోంచి చూస్తే కాంప్లెక్స్ గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. గోడకు సరిగ్గా అవతలే గేటు కాబట్టి అక్కడి మాటలు మాత్రం వినపడతాయి.

"బావా, పలక మీద నిలబడకు! దాని మీద బండి ఉంటే సెన్సరు కనిపెట్టి లేవనివ్వదు గానీ, మనిషి ఉంటే దానికి తెలియదు!"

"దానికి తెలియకూడదనే కదా నా ఎత్తు!"

"ఉక్కపోసి చచ్చిపోతున్నాను," అంటూ అత్తగారు రిమోటు తీసి ఫ్యాను వైపు గురిపెట్టి పై బటన్ నొక్కింది. ఫ్యాను కదల్లేదు. గోడ మీద నుంచి మాత్రం మా ఆయన తల లేచింది. తర్వాత మెడ. తర్వాత రెయిన్‌కోటు కాలరు. ఒక చేత్తో భూతద్దం, రెండో చేత్తో గాలిని పట్టుకుని ఆయన కిటికీకి ఎదురుగా ఊగుతున్నారు.

అత్తగారు చూడలేదు. కింద బటన్ నొక్కింది. తల మెల్లగా దిగిపోయింది.

మళ్లీ పైది నొక్కింది. మళ్లీ లేచింది.

"అత్తయ్యా, ఆగండాగండి! ఒకసారి కిటికీ లోంచి చూడండి."

ఆవిడ చూసింది. రిమోటు చూసుకుంది. పరీక్షకని ఇంకోసారి దించి, లేపింది. "ఏమే అమ్మాయ్, ఈ రిమోటుకి ఫ్యాను తిరగట్లేదు గానీ, నీ మొగుడు లేస్తున్నాడు!"

"అమ్మా!" గోడ మీద నుంచి ఆయన కేక. "చేతిలో ఏమిటది? కదలకు! నువ్వు దొరికిపోయావు!"

"నేనెక్కడికి పోతానురా, ముందు నువ్వు దిగు," అని కింద బటన్ నొక్కింది.

అయిదు నిమిషాల్లో ఆయన, తమ్ముడు పరుగున వచ్చారు. ఆయన రొప్పుతూనే గది మధ్యలో నిలబడి, వేలు పైకెత్తారు.

"అమ్మ కేవలం చదరంగంలో పావు! పలకకు కూడా ఇలాంటిదే నల్లటి రిమోటు ఉంది, ఇలాంటివే బటన్లు. రెండింటినీ తారుమారు చేసి ఈ ఇంట్లోకి చేర్చిన అసలు దుర్మార్గుడు ఒకడున్నాడు. వాడు క్యాబిన్‌లోకి చొరబడ్డాడు. ఎవడు వాడు?"

తమ్ముడు నెమ్మదిగా జేబులోంచి ఇంకో రిమోటు తీశాడు. "ఇది మా డ్రాయర్‌లో ఉంది. ప్యానెల్ మీదే బటన్లున్నాయని పలక రిమోటుని ఎప్పుడూ ముట్టుకోం. బావా, పోయిన వారం ఫ్యాను రిమోటుకి బ్యాటరీలు కావాలని మా క్యాబిన్‌కి వచ్చావు గుర్తుందా? నా ఎదురుగానే రెండు రిమోట్లూ బల్ల మీద పెట్టి, వెనక మూతలు తీసి..."

ఆయన వేలు ఇంకా పైనే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక కాసేపు అలాగే ఉంచి, చివరికి రెయిన్‌కోటు గుండీ విప్పుకున్నారు.

తమ్ముడు తెచ్చిన రిమోటు నొక్కాను. ఫ్యాను గిర్రున తిరిగింది.

"పీడా పోయింది," అంది అత్తగారు. "ఆ పలక రిమోటుని మెల్లగా డ్రాయర్‌లో పెట్టేసి రారా. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"చెప్పకపోతే ఇన్నాళ్లూ నేనే డ్యూటీలో నిద్రపోయానని మిగులుతుంది అత్తయ్యా. చెబితే రిమోటు బయటికెలా పోనిచ్చావంటాడు మేనేజర్," అన్నాడు తమ్ముడు. వాడు తన చొక్కా ఇస్త్రీ మడతలనే చూసుకుంటున్నాడు.

సాయంత్రం దాకా మా ఆయన గదిలోంచి రాలేదు. సందులో వాళ్లు ముఠా దొరికిందా అని అడగడానికి వస్తే, నేనే ఏదో చెప్పి పంపించాను. భోజనాల దగ్గర అందరం కూర్చున్నాక వచ్చి, భూతద్దం తుడిచి అత్తగారి పేపరు మీద పెట్టారు. పీట మీద కూర్చున్నారు.

"రేపు పొద్దున్న షాపు తెరవను," అన్నారు, కంచం వైపే చూస్తూ. "మేనేజర్ దగ్గరికి వెళ్తాను. వీడు లేనప్పుడు క్యాబిన్‌లోకి వెళ్లి రిమోటు మార్చేసింది నేనేనని చెప్తాను. సందులో వాళ్లకి కూడా నేనే చెప్పుకుంటాను."