వంతు నీళ్లూ, పెండింగ్ మాటలూ

తెలుగులో పెత్తనం చెయ్యడం మానవమాత్రుడి వల్ల అయ్యే పని కాదు! ఊరికే అనడం లేదు. మండపేటకి దిగువన ఓ చిన్న కాలవకి నీటి సంఘం అధ్యక్షుడిగా రెండేళ్లు వెలగబెట్టిన అనుభవంతో అంటున్నాను.

మొదటి ఏడాదంతా తెలుగులోనే ఏడ్చాను. ఎవరైనా వచ్చి నీళ్లడిగితే "లేవు" అనేవాణ్ని. ఊరుకుంటారా? "లేవంటే ఏంటండి, పైన పారేవేంటండి" అంటూ గట్టు మీదే చతికిలబడేవారు. పైగా మా వైపు ప్రతివాడూ ఏదో ఒక వరసవుతాడు. మావయ్యా అని పిలిచినవాడి మీద అధికారం ఎలా చూపిస్తాం? గట్టిగా ఓ మాటంటే వాళ్లావిడ మా ఆవిడతో మాట్లాడ్డం మానేస్తుంది. మా ఆవిడ నాకు కాఫీ ఇవ్వడం మానేస్తుంది. ఇదా పరిపాలన?

అప్పుడు రాజమండ్రిలో మూడు రోజుల 'లీడర్‌షిప్ ఇంగ్లీష్' క్లాసులకి వెళ్లాను. చెప్పినాయన పేరు సత్యప్రసాద్. దేవుడు! "మీరు ఎవరికీ లేదు, కాదు అనకండి సార్. పెండింగ్ అనండి" అన్నారు. పదో తరగతితో చదువాపేసిన నాకు ఆ క్షణంలో జ్ఞానోదయమైంది.

ఎంత గొప్ప మాటలండీ అవి! 'నోటెడ్' అంటే విన్నాను, ఇక మర్చిపోతాను అని. 'యాజ్ పర్ రూల్స్' అంటే చాలు, ఏ రూలండీ అని అడిగిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు. 'హయ్యర్ అథారిటీస్' మరీ బాగుంటుంది. వాళ్లెవరో నాకూ తెలీదు. తెలీకపోయినా వాళ్ల పేరు చెప్పి ఆర్నెల్లు బండి లాగించాను.

ఇంట్లోనూ వాడి చూశాను. మా ఆవిడ కొత్త మిక్సీ అడిగితే 'అండర్ కన్సిడరేషన్' అన్నాను. బావమరిది మోటారు సైకిలు అడిగితే 'నాట్ ఫీజిబుల్' అన్నాను. వాడు దణ్ణం పెట్టి వెళ్లాడు! ఊళ్లోవాళ్లూ నేర్చేసుకున్నారు. గెడ్డం గీసే బుల్లియ్య కూడా మొన్న నన్ను గుమ్మంలో నిలబెట్టి 'ప్రయర్ అప్పాయింట్‌మెంట్' అన్నాడు. నాకు కోపం రాలేదు, గర్వంగా అనిపించింది.

అసలు విజయం ఈ దాళ్వా పంటలో దక్కింది.

మా కాలవకి వంతులుంటాయి. బుధవారం దాకా ఎగువ పొలాలకి, గురువారం నుంచి శివారు పొలాలకి. శివారులో వీరవేణి అనే అమ్మాయి ఎకరం కౌలుకి చేస్తోంది. ఆ గురువారం ఆమె వంతు వచ్చింది. నేను మాత్రం కాలవ చూసే లస్కరు త్రిమూర్తుల్ని శివారుకి నీళ్లొదిలే షట్టరు ఎత్తొద్దన్నాను. ఎత్తకపోతే నీళ్లన్నీ చంద్రరావు గారి చేపల చెరువుకి పోతాయి. ఎన్నికల్లో నా తరఫున తిరిగినాయన మరి. కాదనగలనా?

"బాబాయ్ గారూ, ఇయ్యాల మా వంతు కదండి. షట్టరు ఎత్తలేదేంటండి?" అంది వీరవేణి.

"నీ రిక్వెస్ట్ పెండింగ్‌లో ఉందమ్మా."

"అంటే వచ్చేత్తాయన్నమాటేనాండి?"

"ప్రాసెస్‌లో ఉంది."

తలూపి వెళ్లిపోయింది. చూశారా! తిట్లు లేవు, గట్టు మీద బైఠాయింపు లేదు. నాలుగు రోజులాగి వస్తే 'టెక్నికల్ ఇష్యూ' అన్నాను. రెండో గురువారం వస్తే 'టాప్ ప్రయారిటీలో పెట్టాను' అన్నాను. ఆ రోజైతే సంతోషపడి మా అరుగు మీద ఆనపకాయ పెట్టి మరీ వెళ్లింది. తెలుగులో పొమ్మన్నవాడికి ఎవరైనా ఆనపకాయ ఇస్తారా?

మూడో గురువారం షట్టరు దగ్గర నేనూ త్రిమూర్తులూ ఉండగా మళ్లీ వచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు బాబాయ్ గారూ. ఇన్నాళ్లూ మీరన్నదేంటో తెలుగులో ఒక్కసారి చెప్పండి, ఎల్లిపోతాను" అంది.

ఇది క్లాసులో చెప్పలేదు. నేర్చుకున్న మాటలన్నిటినీ మనసులో తిరగేశాను. ఏ మాటని తెలుగులో పెట్టబోయినా ఒకే ఒక్క ముక్క వస్తోంది. చివరికి అదే అనేశాను. "నీ వంతు నీళ్లు చంద్రరావు గారి చెరువుకి వదిలేశానమ్మా."

త్రిమూర్తులు తల దించుకున్నాడు. వీరవేణి తిడుతుందనుకున్నాను. తిడితే 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అందామని సిద్ధంగా ఉన్నాను. ఆమె తిట్టలేదు.

"ఈ మాట మొదటి రోజే చెబితే మురుక్కాలవ మీద ఆయిలింజను పెట్టి తోడుకునేదాన్ని కదండి. పొట్ట మీదున్న చేనండి, ఇప్పుడు నీళ్లాగితే గింజ కట్టదు. మీరు పెండింగన్నారని కూకున్నాను" అంది.

'లేవు' అని ఉంటే ఆమె తన తిప్పలు తాను పడేది. నేను ఆ మాట కూడా అనలేదు.

"ఎత్తమంటారాండి?" అని త్రిమూర్తులు మెల్లగా అడిగాడు.

ఎత్తమన్నాను. నీళ్లు సాయంత్రానికి శివారు చేరాయి. ఆ తరవాత పది రోజులకి చేను ఈనింది. గింజ గట్టిపడాల్సిన వేళకి నేనే వెళ్లి చూశాను. ఓ వెన్ను కోసి చేత్తో నలిపితే గింజ లేదు, అంతా తాలు. నాకు సిగ్గేసింది.

కాబట్టి తోటి అధ్యక్షులకీ, ఆఫీసర్లకీ, పెత్తనం మీద మోజున్న సమస్త జనానికీ నా మనవి. చచ్చినా ఇంగ్లీషు వదలకండి. తెలుగులో చెప్పారంటే, మీరు చేసిన పని అవతలివాళ్ల కంటే ముందు మీకే తెలిసిపోతుంది.