పాలపన్నుకో పైకప్పు

సొంత పైకప్పు ఉండటమంత దరిద్రం మనిషికి ఇంకొకటి లేదు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. మన తాతలకు కప్పు ఉండేది. ఉండి ఏం సుఖపడ్డారు? వానలకు ముందు పెంకులు సర్దుకోవాలి. కోతులు వచ్చి చెదరగొడితే మళ్ళీ సర్దుకోవాలి. పక్కింటి పిల్లి అటక మీద ఈనితే పురుడు మనమే పోయాలి. ఇల్లు కారితే నిచ్చెన వేసుకొని మనమే ఎక్కాలి, తిట్టాలనిపిస్తే మనల్ని మనమే తిట్టుకోవాలి. అదీ ఒక బతుకేనా?

అదే బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో చూడండి! మన నెత్తి మీద ఉన్నది పైవాళ్ళ హాలు. మన కాళ్ళ కింద ఉన్నది కిందివాళ్ళ కప్పు. అన్నీ అందరివీ, ఏదీ ఎవరిదీ కాదు. కొండల్లో కూర్చొని తపస్సు చేసినా దొరకని ఈ వైరాగ్యం మహదేవపురలో లిఫ్టెక్కితే దొరుకుతుంది.

నమ్మకం కుదరనివాళ్ళు మోహన్‌కుమార్ ఇంట్లో జరిగిన సంగతి వినాలి.

మోహన్‌కుమార్ పాత బెంగళూరు తెలుగువాడు. తాతలు మగ్గం నేశారు, తండ్రి బట్టలంగడి నడిపాడు, తను రింగురోడ్డు పక్క టెక్ పార్కులో మీటింగులు నడుపుతాడు. ఇంట్లో తల్లి చౌడమ్మ, భార్య శశికళ, ఆరేళ్ళ కూతురు రంజిత. రంజిత వాగుడుకాయ. కళ్ళు తెరిచింది మొదలు చీమకు మోకాళ్ళుంటాయా, లిఫ్టుకు కళ్ళు తిరగవా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మోహన్‌కుమార్ చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లుంటాయి. "ఒక్క నిమిషం నోరు మూసుకో తల్లీ, కాల్‌లో ఉండాను" అన్నది ఆ ఇంటి సుప్రభాతం.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున రాగిదోసె కొరుకుతూ కొరుకుతూ రంజిత ఆగిపోయింది. దోసెలో పన్ను కనబడింది. కింది వరసలో ముందు పన్ను, మొట్టమొదటిది. పన్ను ఒకటే. హక్కుదార్లు మాత్రం ఇద్దరు తేలారు.

మొదటి హక్కుదారు టూత్ ఫెయిరీ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. ఊడిన పన్ను దిండు కింద పెట్టుకొని పిల్లలు నిద్రపోతే, రెక్కలున్న ఒక దేవత వచ్చి పన్ను పట్టుకుపోయి, బదులుగా కానుక పెట్టిపోతుంది. కానుక కొనేదీ, పెట్టేదీ తల్లిదండ్రులే. పేరు మాత్రం ఆమెది. మన దేవతలు పాపం తలనీలాలతో సరిపెట్టుకున్నారు గానీ పళ్ళ బేరం ఎవరికీ తట్టలేదు!

ఆ టవర్‌లో ఫెయిరీ మొదట్లో పెన్సిల్ బాక్సులే ఇచ్చేది. తర్వాత సందీప్ గారబ్బాయికి టెలిస్కోప్ ఇచ్చింది. మూడో అంతస్తు కవలలకు కుక్కపిల్లను ఇచ్చింది. నవ్యగారి పాపకు దవడపన్ను ఊడితే మొత్తం కుటుంబాన్ని సింగపూర్ తీసుకెళ్ళింది! అప్పట్నుంచి పిల్లలు పళ్ళు తోముకోవడం తగ్గించి కదుపుకోవడం ఎక్కువ చేశారు. మరి గేటు దగ్గర సెక్యూరిటీ ఫెయిరీని లోపలికి వదులుతాడా? సొంత మేనమామ వచ్చినా ఫోనులో ఓకే నొక్కనిదే కదలనివ్వడు కదా! అందుకే శశికళ ముందుజాగ్రత్తగా గేటు యాప్‌లో సందర్శకురాలి పేరు ఫెయిరీ అనీ, వచ్చే పని డెలివరీ అనీ పెట్టేసింది.

రెండో హక్కుదారు చౌడమ్మ.

"పల్లు ఊడితే పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీద ఎయ్యల్ల. రెక్కల పిల్లకిచ్చేదేంటికి? ఆయమ్మ ఎవురో, యాడ పారేస్తాదో!" అంది.

వాళ్ళ వంశంలో ఇంకో నియమం కూడా ఉంది. పన్ను కప్పు మీద పడేదాకా నోట్లో ఆ సందు సూర్యుడి కంట పడకూడదు. పడితే కొత్త పన్ను వంకరగా మొలుస్తుంది. పైగా అది ఏ కప్పో అయితే చెల్లదు, సొంత కప్పే అయ్యుండాలి.

శశికళ ఒప్పుకోలేదు. చౌడమ్మ వాదించలేదు. ఆ సాయంత్రమే దిండు కింద ఒక మొక్కజొన్న గింజ పెట్టి, అసలు పన్నును తన వక్కాకు సంచిలో దాచేసింది. ఫెయిరీకి తేడా తెలియలేదు! గింజ పుచ్చుకొని స్కేట్లు పెట్టిపోయింది. ఆ మొక్కజొన్న గింజ ఈరోజుకీ శశికళ బీరువాలో, మఖ్మల్ డబ్బాలో, 'మా బంగారు తల్లి మొదటి పన్ను' అన్న హోదాలో భద్రంగా ఉంది.

రంజిత మాత్రం అవ్వ మాటే పట్టుకుంది. స్కేట్లు మూలన పెట్టి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. బళ్ళో అంతే, లిఫ్టులో అంతే. ఏమడిగినా తలూపుతుంది. అన్నం కూడా గోడవైపు తిరిగి తింటుంది.

మొదటిరోజు మోహన్‌కుమార్ పండగ చేసుకున్నాడు. మీటింగులన్నీ దిగ్విజయంగా నడిచాయి. రెండోరోజు ఇయర్‌ఫోన్లు తీసి చూశాడు, ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళలో ఆ ఫ్రిజ్‌కు చప్పుడుందనే సంగతి అతనికి తెలియదు. మూడోరోజు తనే కూతురి పక్కన కూర్చొని, "చీమకు మోకాళ్ళుంటాయేమే?" అని అడిగాడు. రంజిత కళ్ళు పెద్దవి చేసింది. చెప్పాల్సింది చాలా ఉన్నట్టుంది. కానీ చెయ్యి తియ్యలేదు. మోహన్‌కుమార్‌కు నిజంగా భయమేసింది. ఈ పిల్ల మాట్లాడకపోతే ఈ ఇంట్లో తనకున్నదేమిటి?

"అమ్మా, ఆ కప్పు సంగతేందో చూస్తాం పద" అన్నాడు.

ముందు పేడ కావాలి. బెంగళూరులో పేడకు కరువా? పది నిమిషాల్లో పాలు, పెరుగు, పెళ్ళి బట్టలు తెచ్చిచ్చే యాప్‌లో పేడ కూడా ఉంది. మెరిసే ప్యాకెట్లో, గుండ్రంగా, బిస్కెట్లలా ఎండినవి వచ్చాయి. చౌడమ్మ ఒకటి తీసి గోడకు కొట్టింది. టక్‌మంది. "ఇది పేడనా? దీంతో మేకు కొట్టొచ్చు" అని తిరిగిచ్చేసింది. పచ్చిపేడే కావాలంది.

దాంతో మోహన్‌కుమార్ మెడలో ఐడీ కార్డు, చేతిలో బాదం ఆకు డొప్ప పట్టుకొని సర్వీసు రోడ్డులో ఒక ఆవు వెంట పడ్డాడు. ఆవు నడుస్తోంది, పక్కన కార్లు నిలబడి ఉన్నాయి. ఆఫీసు క్యాబ్‌లో ఇరుక్కున్న అతని టీమ్ మొత్తం ఆ దృశ్యాన్ని కిటికీలోంచి చూసింది. అప్పుడే పైఅధికారి ఫోన్ చేసి క్యామెరా ఆన్ చెయ్యమన్నాడు. "నెట్‌వర్క్ బాగలేదు సార్, డెలివరబుల్ కోసం వెయిట్ చేస్తున్నా" అన్నాడు మోహన్‌కుమార్. అబద్ధం చెప్పలేదు. వేచివేచి, పొందాడు.

పేడ దొరికింది. కప్పో?

టెర్రస్ తాళం అసోసియేషన్ సెక్రటరీ ప్రసాద్ దగ్గరుంటుంది. "టెర్రస్ కామన్ ఏరియా సార్. సోలార్ ఉండాది, ట్యాంకులుండాయి. పేడ నాట్ అలౌడ్" అన్నాడతను. చౌడమ్మ కూడా ఆ కప్పును కొట్టిపారేసింది. అందరి కప్పు మనదెట్లయితాదప్పా అంది. పోనీ బేస్‌మెంట్లో ఉన్న మన కారు టాప్ మీద వేద్దామన్నాడు మోహన్‌కుమార్. ఇంత చదువు చదివించింది ఇందుకేనా అన్నట్టు తల్లి అతని వైపు చూసింది. వర్తూరులో ఆమె పుట్టింటి పెంకుటిల్లు ఉండేది గానీ అక్కడిప్పుడు పీజీ హాస్టలు లేచింది. దాని మీద ఊరూపేరూ తెలియని కుర్రాళ్ళ జీన్స్ ప్యాంట్లు ఆరుతున్నాయి.

చౌడమ్మ దిగులుగా మనవరాలి మంచం మీద వాలి పైకి చూసింది. అక్కడ స్లాబు మీద చాప వెడల్పున తడి మరక ఉంది. పైవాళ్ళ బాత్‌రూమ్ నీళ్ళు ఏడాదిగా దిగుతున్నాయి. పై ఫ్లాటు దేవరాజ్‌తో మోహన్‌కుమార్‌కు ఉన్న పరిచయమల్లా ఆ మరకే. అసోసియేషన్ మీటింగులో అందరి ముందూ దేవరాజ్ ఒకే మాటన్నాడు: "మా నేల మాకు బాగుండాది. కారేది మీ కప్పు. మీ కప్పు మీరే రిపేరు చేయించుకోండి."

చౌడమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

"అవునప్పా, ఆయప్ప ఇది మన కప్పనే కదా అన్నె?"

"అన్నాడమ్మా."

"మరి మన కప్పు మీద నిలబడి ఉండేదెవురు?"

"దేవరాజే."

"పదండి, పోదాం!"

చూశారా? అసోసియేషన్ మీటింగులు దండగనేవాళ్ళు ఇకనైనా నోరు మూసుకోవాలి!

ఆదివారం పొద్దున్నే ఊరేగింపు బయల్దేరింది. ముందు డొప్పలో పేడముద్దతో చౌడమ్మ, ముద్దలో పన్ను. వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న రంజిత. ఆ వెనక మోహన్‌కుమార్. చివర్న ఫోనులో వీడియో తీస్తూ శశికళ. ముద్దలో పన్నేమీ లేదనీ, ఇదంతా అవ్వ తృప్తి కోసం చేస్తున్న ఉత్తుత్తి తంతనీ ఆమెకు నచ్చజెప్పారు.

దేవరాజ్ హాలు తెల్లని పాలరాయి. దాని మీద ఆయన కూడా సాక్సులేసుకొని నడుస్తాడు.

"లీకు గురించైతే మీటింగులో మాట్లాడదాం సార్" అన్నాడు తలుపు సగం తెరిచి.

"లీకు కాదు సార్. మా కప్పు మీద చిన్న పని ఉండాది" అన్నాడు మోహన్‌కుమార్.

"మీ కప్పా? యాడ?"

"మీరు నిలబడింది దాని మీదనే."

దేవరాజ్ కిందికి చూశాడు. డొప్పలోకి చూశాడు. వెంటనే ప్రసాద్‌కు ఫోన్ చేశాడు. ప్రసాద్ పైజమాలోనే పరుగెత్తుకొచ్చి, ఇరుపక్షాల వాదనా విని, గొంతు సవరించుకున్నాడు.

"దేవరాజ్ సార్, ఇది మీ నేలంటే లీకు మీరు రిపేరు చేయించల్ల. వాళ్ళ కప్పంటే వాళ్ళు పేడ వేసుకోవచ్చు. ఏదో ఒకటి చెప్పండి."

దేవరాజ్ పాలరాయిని చూశాడు. బాత్‌రూమ్ పగలగొట్టడం, మేస్త్రీలు, దుమ్ము, పైపులు, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"వెయ్యి పాపా" అన్నాడు.

రంజిత రెండు చేతులా ఎత్తి వేసింది. పేడముద్ద పాలరాయి నడిమధ్యన తప్‌మని కూర్చుంది. ఆ వెంటనే పిల్ల నోరు తెరుచుకుంది. చీమకు మోకాళ్ళుంటాయంట నాన్నా, ఒక కాలికి ఒకటి కాదంట, ఆవుకు పైన ముందు పళ్ళే ఉండవంట, మరి దానికి ఫెయిరీ ఏమిస్తాది, అంకుల్ మీకు ఇంట్లో చలేస్తాదా సాక్సులేసుకున్నారు... వారం రోజుల సరుకు ఆగకుండా వచ్చిపడింది. మోహన్‌కుమార్ జేబులో ఫోన్ మోగుతోంది. తియ్యలేదు. పేడ వాసన మధ్య నిలబడి కూతురి బోసి సందు చూస్తూ అన్నీ విన్నాడు. అంత సంతోషం ఇల్లు కొన్నరోజున కూడా కలగలేదతనికి.

దేవరాజ్ కూడా కాస్త మెత్తబడ్డాడు. "మా ఊర్లోనూ పల్లు పెంకుల మీదనే వేస్తా ఉంటిమి" అన్నాడు. ఆ తర్వాత తలెత్తి తన సీలింగు వైపు ఆలోచనగా చూశాడు. "మా మనవరాలికి ఒకటి కదలతా ఉండాది. ప్రసాద్, మా పైన ఎవరుండారు?"

అంతే! ఇప్పుడా టవర్‌లో ఆదివారం వస్తే చాలు, ప్రతి అంతస్తువాళ్ళూ డొప్పలు పట్టుకొని పై అంతస్తు తలుపు తడుతున్నారు. మేజోళ్ళ మనుషులు పేడవాసనకు అలవాటు పడ్డారు, ఏళ్ళ తరబడి పేర్లు తెలియనివాళ్ళు వరసలు కలుపుకుంటున్నారు. సొంత కప్పులుంటే ఇంత సఖ్యత సాధ్యమా? చెప్పండి!

నెల తిరక్కుండానే రంజితకు కొత్త పన్ను బియ్యపు గింజలా తెల్లగా, తిన్నగా మొలిచింది. చౌడమ్మ దేవరాజ్‌కు పాయసం పంపింది.

ఆ మర్నాడే రంజిత బడి నుంచి వచ్చి, బ్యాగు పడేసి, గదిలోంచి గంతులేస్తూ పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! మన కప్పుకు పన్ను ఊడింది!"

మోహన్‌కుమార్ వెళ్ళి చూశాడు. మంచం మీద, సరిగ్గా దిండు నడుమ, రెండు వేళ్ళ మందాన పెద్ద సిమెంటు పెచ్చు పడి ఉంది. పైన మరక ఉన్నచోట పెద్ద సందు, సందులో తుప్పుపట్టిన ఇనుప కమ్మీలు. దిండులో పెచ్చు చేసిన గుంట రంజిత తలంత ఉంది. అతను ఆ పెచ్చు తీసుకొని మెట్ల మీదుగానే పైకి పరుగెత్తాడు.

దేవరాజ్ పెచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు. పాయసం తిన్న మనిషి కదా.

"ఏం చేస్తాం సార్? ఇది మీ కప్పని మీరే ఒప్పిస్తిరి. టవర్ మొత్తం సాక్షి. పాప పల్లు కూడా ఏస్తిమి కదా" అన్నాడు.

మోహన్‌కుమార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని కిందికి దిగివచ్చాడు.

చౌడమ్మ పెచ్చును చేతిలోకి తీసుకొని బరువు చూసింది. "పల్లయితే కప్పు మీద ఏస్తిమి. కప్పే ఊడితే యాడ ఎయ్యల్లప్పా?" అంది. దిండు కింద పెడదామని శశికళ కూడా అనలేదు.

రంజితను హాల్లోకి మార్చారు. హాలుకు మాత్రం పైన ఉన్నది ఎవరి హాలు? ఆ పిల్లకు ఆ సంగతి పెద్దలకంటే ముందే తట్టింది. దిండు, దుప్పటి, స్కేట్లు, పెచ్చు అన్నీ ఈడ్చుకొని దివాన్ మంచం కిందికి దూరింది.

"నాన్నా, నువ్వూ రా. అవ్వను కూడా రమ్మను. మన పైన ఉండేది ఇదొక్కటే మనది!"

మోహన్‌కుమార్ ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ కూతురి పక్కకు చేరాడు.