పోస్టుగారి చిరునామా

ఆ పొద్దున పోస్టుగారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి బజారులోని కుట్టుమిషన్ల షోరూముకు వెళ్లాలి, వాయిదాల కాగితాల మీద సంతకం పెట్టాలి, భోజనాల వేళకు ఇల్లు చేరాలి. సాయంత్రానికి ఓవర్‌లాక్ మిషను వెనకాలే వచ్చేస్తుంది. గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టిపెట్టే ఆ మిషను లేకపోతే ఆయన భార్య ఒప్పుకున్న పని గట్టెక్కదు. నర్సుల కాలేజీవాళ్లు ఆవిడకు నూట ఇరవై జతల యూనిఫారాలు అప్పగించారు. నెలాఖరుకు చేతికిస్తే ఏటా ఆ పని ఆవిడదే. ఇవ్వకపోతే వెనకవీధి దర్జీది.

ఆయన అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ముప్పై నాలుగేళ్లు ఆ చుట్టుపక్కల ఉత్తరాలు పంచి, కిందటేడు రిటైరయ్యారు. వానకు తడిసి అక్షరాలన్నీ కలిసిపోయిన కవరును కూడా సరైన గుమ్మానికి చేర్చగలరని పేరు. రెండు నెలల కింద మూడు వీధులు ఇవతలికి ఇల్లు మారారు. మారడానికి కారణం కూడా ఆ మిషనే. పాత ఇంట్లో పట్టపగలు దీపం వేసుకుంటే గాని సూదిలోకి దారం దూరేది కాదు. కొత్త ఇంటి మేడ మీద పెద్ద కిటికీ ఉన్న గది ఒకటి దొరికింది. అందులో ఓ మూల మిషను కోసం ఖాళీగా వదిలి, ఆవిడ ఆ జాగానే రోజుకు రెండుసార్లు ఊడుస్తోంది.

షోరూములో కౌంటరు అమ్మాయి వివరాలన్నీ కంప్యూటరులో కొట్టి, కాసేపు తెర వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

"రాలేదు సార్."

"ఏం రాలేదు?"

"అప్రూవల్. మీ గుర్తింపు కార్డులో ఒక అడ్రసుంది. ఫారంలో ఇంకోటి రాశారు."

"ఇల్లు మారాం కదమ్మా."

"అదే సార్ ఇబ్బంది. మారి ఆరు నెలలన్నా కాకపోతే సిస్టం ఒప్పుకోదు. ఒకసారి మారినవాళ్లు మళ్లీ మారొచ్చు కదా అని."

"పాత ఇంట్లో ముప్పై ఏళ్లున్నాం."

"అక్కడే ఉండిపోయుంటే బావుండేది సార్," అంది ఆ అమ్మాయి, నిజంగానే జాలిపడుతూ. కొత్త అడ్రసుకు ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఏదైనా తెస్తే మేనేజరుగారు మళ్లీ చూస్తారని కూడా చెప్పింది.

పోస్టుగారు ఇంటికి వచ్చి సొరుగులన్నీ తిరగేశారు. కరెంటు బిల్లు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ పేరు మీద ఉంది. పింఛను పుస్తకంలో పాత ఇల్లే ఉంది. అద్దె కాగితం మీద ముద్రే లేదు.

"పోనీ లెండి, ఉన్న మిషను మీదే ఎలాగో లాగిస్తాను," అంది భార్య.

"నూట ఇరవై జతలా? నీ కాళ్లు పడిపోతాయి. అయినా విషయం అది కాదు. ఊళ్లో అందరి గుమ్మాలూ కనిపెట్టిన మనిషిని, నాకు గుమ్మం లేదంటారా? ఆ మిషను ఈ గదిలోకి రాకపోతే అడుగు."

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఇల్లు మారి చూడు అనడం మరిచిపోయారు పెద్దవాళ్లు," అని ఆవిడ కత్తెర అందుకుంది.

ప్రభుత్వ ముద్ర అనగానే ఆయనకు తట్టాల్సిందే తట్టింది. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్లి, కొత్త చిరునామాకు తన పేరనే ఒక రిజిస్టరు ఉత్తరం రాసుకున్నారు. ఖాళీ కాగితం పంపడం మర్యాద కాదనిపించి, 'నీవు క్షేమమని తలుస్తాను, ఇక్కడ నేను క్షేమం' అని ఒక వాక్యం పెట్టారు. కవరు మీద తేదీతో సహా ముద్ర పడుతుంది, తన చేతికి అందుతుంది, ఇక ఏ సిస్టం కాదంటుందో చూద్దామనుకున్నారు.

మూడు రోజులైనా ఉత్తరం రాలేదు. తన స్థానంలోకి వచ్చిన పోస్టుమ్యాన్‌ను దారిలో పట్టుకున్నారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి.

"నిన్ననే ఇచ్చేశాను గురువుగారూ. ఎవడో తెలివితక్కువవాడు అడ్రసు తప్పు రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి, కింద సరైనది రాసి, నేనే మీ ఇంటికి చేర్చాను."

"ఏ ఇంటికి?"

"మీ ఇంటికే. మీ ఇల్లు నాకు తెలీదా? రాసిందాన్ని కాదు, మనిషిని చూసి ఇవ్వాలని మీరే కదా నేర్పించారు. తలుపు తీసినావిడ సంతకం పెట్టింది. మీ చుట్టాలేమో అనుకున్నాను."

ఆ తలుపు తీసినావిడ పాత ఇంట్లోకి అద్దెకు దిగిన వయొలిన్ టీచరు. పోస్టుగారు వెళ్లి ఆవిడ దగ్గర ఉత్తరం తీసుకుని, అదే చేత్తో షోరూము మేనేజరు ముందు పెట్టారు. మేనేజరు కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త చిరునామా మీద ఎర్ర గీత అడ్డంగా ఉంది. దాని కింద పాత చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. దాని మీద ప్రభుత్వ ముద్ర గుండ్రంగా, నిండుగా పడింది.

"సార్, మీరు పాత ఇంట్లోనే ఉన్నారని ప్రభుత్వమే అంటోంది కదా," అన్నాడు మేనేజరు మెల్లిగా.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అయినా పోస్టుగారు కుర్చీలోంచి లేవలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు గంటసేపు అక్కడే కూర్చున్నారు. చివరికి మేనేజరు దిగివచ్చి, శుక్రవారం తమ మనిషిని విచారణకు పంపుతానన్నాడు.

"ఏ ఇంటికి?"

"రెండింటికీ. ఏది ముందో చెప్పలేం."

శుక్రవారం నాడు భార్యను కొత్త ఇంటి దగ్గర ఉంచి, తను పాత ఇంటికి బయలుదేరారు. విచారణ మనిషి అటే ముందొచ్చి, ఎవరి మాటో విని తప్పు రాసుకుంటాడేమోనని ఆయన భయం. రోజంతా పట్టొచ్చని క్యారేజీ, మంచినీళ్ల సీసా, చాప పట్టుకెళ్లారు. వయొలిన్ టీచరు అభ్యంతరం చెప్పలేదు. వరండాలో చాప పరుచుకోమని చెప్పి లోపలికి వెళ్లి పాఠం మొదలుపెట్టింది.

పదకొండింటికి సంచీ తగిలించుకుని విచారణ మనిషి వచ్చాడు.

"ఇది మీ ఇల్లేనా?"

"ఒకప్పుడు."

"ఇప్పుడు?"

"కాదు."

"మరి ఇక్కడెందుకున్నారు?"

"మీరొస్తారని."

అతని ఫారంలో 'ఉంటున్నారు', 'ఉండటం లేదు' అని రెండే గడులున్నాయి. అతను చాపను చూశాడు, క్యారేజీని చూశాడు, లోపల్నించి వస్తున్న వయొలిన్ విన్నాడు. ఏ గడీ నింపకుండా పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఎవరో పోస్టుగారి మీద ఆరా తీస్తున్నారని తెలియగానే పెద్దాయన మాటసాయానికి నడుం కట్టాడు.

"ఆయనా? ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. బంగారం లాంటి మనిషి."

"మరి లోపల ఉన్నావిడ?"

"ఆవిడ ఈమధ్యే వచ్చింది."

అక్కణ్నించి అతను కొత్త ఇంటికి వెళ్లాడు. పోస్టుగారి భార్య మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో మేడ మీద కోట్లు కత్తిరిస్తోంది.

"మీ ఆయన ఇక్కడే ఉంటారా అమ్మా?"

ఆవిడ సూదులు తీసి చేతిలో పట్టుకుంది. "పాత ఇంట్లో ఉన్నారు. అక్కడ పనయ్యాక వస్తారు."

అతను ఇంకేమీ అడగకుండా కిందికి దిగి, ఇంటి ఓనరమ్మను పలకరించాడు.

"పొద్దున్నే చాపా క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు నాయనా," అంది ఆవిడ.

"వాళ్లిద్దరూ బాగానే ఉంటారా అండీ? అక్కడ ఇంకొకావిడ ఉంది, అందుకని అడుగుతున్నాను."

ఆ ఒక్క ముక్కా చాలింది. అద్దె కాగితంలో పూచీదారుగా సంతకం పెట్టింది పోస్టుగారి బావమరిది, స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఓనరమ్మ ఆయనకు ఫోను చేసి, తను విన్నదానికి తను ఊహించింది కూడా కలిపి చెప్పింది.

శనివారం తెల్లవారి పోస్టుగారు కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చోబోతుండగా బావమరిది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"బావగారూ, ఈ వయసులో ఇదేం పని?"

"ఏ పని?"

"వయొలిను."

"నాకు వయొలిన్ రాదే."

"అదే నేనూ అంటున్నాను. రానివాళ్లకి అక్కడేం పని? చెల్లెమ్మా, బట్టలు సర్దుకో. మనింటికి పోదాం."

"బట్టలు సర్దుకోవడమేంటి, ఇంకా సగం కుట్టనే లేదు," అంది ఆవిడ మిషను ఆపకుండా. "ముందు ఆ కాలు తియ్యన్నయ్యా. కోటు చేతులు తొక్కుతున్నావు."

సరిగ్గా అప్పుడే పోస్టుగారి ఫోనుకు షోరూము నుంచి సందేశం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. కారణం: కుటుంబ స్థిరత్వం లేదు.

పోస్టుగారు దాన్ని రెండుసార్లు చదివి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చొక్కా తొడుక్కున్నారు. ఆయన గొంతు పెంచలేదు. "పదండి, అందరూ పదండి," అన్నారు అంతే. భార్యా బావమరిదీ వెంట నడిచారు. ఓనరమ్మను కింద పిలిచారు, పోస్టుమ్యాన్‌ను దారిలో ఆపారు. పాత వీధికి వెళ్లి పక్కింటి పెద్దాయన్నీ వయొలిన్ టీచరునూ కలుపుకున్నారు. టీచరు వయొలిన్ పెట్టెతో సహా వచ్చింది. షోరూము తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఏడుగురు మనుషులు నిలబడి ఉన్నారు.

మేనేజరు అందరి మాటా విన్నాడు. ఎర్ర గీత తనదేనని పోస్టుమ్యాన్ ఒప్పుకున్నాడు. 'ఉంటున్నాడు' అంటే 'ఉండేవాడు' అని తన ఉద్దేశమని పెద్దాయన సవరించాడు. పోస్టుగారు తన వరండా దాటి లోపలికి అడుగు పెట్టలేదని టీచరు చెప్పింది. మంచి మనసుతోనే ఫోను చేశానని ఓనరమ్మ అంది. బావమరిది బావగారి చెయ్యి పట్టుకుని, వయొలిన్ మాట వెనక్కి తీసుకున్నాడు.

"మీరు చెప్పిందంతా నమ్ముతున్నాను సార్," అన్నాడు మేనేజరు చెమట తుడుచుకుంటూ. "కానీ నేను నమ్మితే చాలదు, సిస్టం నమ్మాలి. నాలుగు నెలలాగి రండి."

పోస్టుగారు మొదటిసారి గోడవైపు తిరిగి నిలబడ్డారు. అంతదాకా నోరు మెదపని ఆయన భార్య కౌంటరు దగ్గరికి జరిగింది.

"నా పేరున ఒకసారి చూడమ్మా."

"మీకు బ్యాంకు ఖాతా ఉందా మేడమ్?"

"కాలేజీవాళ్లు అడ్వాన్సు వెయ్యాలంటే కిందటి నెలే తెరిచాను. గుర్తింపు కార్డు కూడా అప్పుడే తీయించుకున్నాను. అంతకుముందు వాటితో నాకు పని పడలేదు."

ఆ అమ్మాయి వివరాలు కొట్టింది. అందరూ తెర కనపడకపోయినా దానివైపే మెడలు చాచారు.

"వచ్చింది," అంది ఆ అమ్మాయి. "మేడమ్ కాగితాలన్నీ ఒకే అడ్రసు మీదున్నాయి. సిస్టం లెక్కలో ఆవిడ ఎప్పుడూ ఇల్లు మారలేదు. సాయంత్రానికి మిషను పంపిస్తాం."

పోస్టుగారు గోడవైపు నుంచి తిరిగారు. "ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"మొదటిరోజు మీరు నన్ను వెంట తీసుకెళ్లలేదుగా," అంది ఆవిడ కలం అందుకుంటూ.

సంతకాలయ్యాక ఆఖరి గడి ఒకటి మిగిలింది.

"మీ మీద ఆధారపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా మేడమ్?"

"ఒకరున్నారు. మా ఆయన."

పోస్టుగారు గొంతు సవరించుకుని, తన చిరునామాకు మళ్లీ రుజువేమైనా తేవాలా అని అడిగారు. ఆధారపడినవాళ్లకు చిరునామా అక్కర్లేదని చెప్పి ఆ అమ్మాయి ముద్ర వేసేసింది.