తలుపు మూసిన అక్షరం

ఆ రోజు జూలై పదకొండు. మాస్టారు పొద్దున తిన్నది ఒక పక్క మాడిన రెండు రొట్టె ముక్కలు, అవి కూడా కుడి దవడతోనే. తన పెళ్లి కుదిరిన రోజు ఏం తిన్నాడో మగవాడికి గుర్తుండకపోవచ్చు. ఆ కుదరడం తనకు తెలియకుండా జరిగితే మాత్రం గుర్తుంటుంది.

ఆయన భార్య పోయి ఆరేళ్లు. ఉన్నన్నాళ్లూ రొట్టె మాడితే చాకుతో గీకి, బాగున్నది ఆయనకు పెట్టి, గీకినది తన పళ్లెంలో వేసుకునేది. ఇప్పుడు గీకేవాళ్లు లేరు కాబట్టి, మాడిన వైపు కిందకు తిప్పి కనపడకుండా తినడం ఆయన నేర్చుకున్నారు. ఎడమ దవడలో ఒక పన్ను కొన్నాళ్లుగా సలుపుతోంది. మధ్యాహ్నం పళ్ల డాక్టరమ్మ దగ్గర అది పీకించుకుని, ఇంటికి వెళ్లి పడుకోవాలి. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పని అంతే.

ఆయన పాఠం చెప్పే గది బడి వరండా చివర ఉంటుంది. అందరూ దాన్ని చిన్న గది అంటారు. అక్షరాలు కళ్ల ముందు కుదురుగా నిలబడని పిల్లలు రోజూ కాసేపు తమ తరగతుల్లోంచి లేచి అక్కడికి వస్తారు. ఇసుక పళ్లెంలో వేలితో రాస్తారు. అట్టతో కత్తిరించిన అక్షరాలను కళ్లు మూసుకుని తడిమి చూస్తారు. వాళ్లలో గువ్వ ఒకతి. సాయంత్రం గదులకు తాళాలు వేసే ఆయా కూతురు. నోటిలెక్కలు గడగడా చెబుతుంది, ప, వ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పోయినేడు తరగతిలో 'వంట' అని ఉన్నచోట 'పంట' అని చదివితే పిల్లలు చాలాకాలం నవ్వారు. అప్పటినుంచి పదిమంది చూసేచోట ఆమె ఒక్క ముక్క రాయలేదు. ఆమె కోసమే మాస్టారు ఒక గుర్తు కనిపెట్టారు: పైన తలుపు తెరిచి ఉంటే ప, మూసి ఉంటే వ.

"గువ్వా, నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి రేపు వస్తానని తలుపు మీది పలకలో రాసిపెట్టమ్మా."

"నేనా? అందరూ చూస్తారు కదా మాస్టారూ."

"చూడ్డానికేగా రాసేది."

"తప్పొస్తే?"

"తప్పొస్తే నేను చూసుకుంటా."

గువ్వ ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుని సుద్దముక్క అందుకుంది. రాస్తున్న పిల్ల వెనక నిలబడి తొంగిచూడటం మర్యాద కాదని మాస్టారు సంచీ తగిలించుకుని వెళ్లిపోయారు.

కాసేపటికి డ్రిల్లు టీచరు బంతుల సంచీతో అటుగా వచ్చి, పలక ముందు ఆగి, పెద్ద టీచరమ్మను కేకేశారు. ఆ బడికి పెద్దదిక్కు ఆమే. ఇలాంటి పిల్లల గురించి ప్రత్యేకంగా శిక్షణకు వెళ్లి వచ్చిన మనిషి. మంచి మనిషి కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

"'మాస్టారు డాక్టరమ్మ' అని ఒక వరస. కింద 'వెళ్లి రేపు'. దాని కింద 'వస్తారు'. ఏమైనా అర్థమవుతోందాండీ?"

"గువ్వ రాత కదా. ఆ పిల్లకి ప, వ తారుమారవుతాయి. మనమే తిప్పి చదువుకోవాలి," అని ఆమె తిప్పి చదివింది. "మాస్టారు, డాక్టరమ్మ. పెళ్లి రేపు."

"మరి ఆ 'వస్తారు'?"

"మనమంతా వస్తామని ఆయన నమ్మకం. మొహమాటస్తుడు. నోటితో చెప్పలేక పిల్లచేత రాయించాడు, పాపం."

పక్కనే నిలబడ్డ గువ్వ ఏదో చెప్పబోయింది. "ఎంత బాగా రాశావే," అంటూ పెద్ద టీచరమ్మ ఆమె బుగ్గ గిల్లింది.

డ్రిల్లు టీచరుకు కాస్త అనుమానం ఉండి డాక్టరమ్మకు ఫోన్ చేశారు.

"మా మాస్టారు మీ దగ్గరున్నారా అమ్మా?"

"ఉన్నారు, ఇప్పుడే కూర్చోబెట్టాను. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్నారు, ఈసారి నేను వదల్లేదు."

"ఆయన ఒప్పుకున్నారా?"

"భయపడ్డారు. కళ్లు మూసుకోండి, మీకు తెలియకుండానే అయిపోతుందని చెప్పాను. తట్టుకుంటే వచ్చే వారం రెండోది కూడా చూద్దాం."

డ్రిల్లు టీచరు ఫోన్ పెట్టేసి బంతుల సంచీ మూతి బిగించి కట్టారు. రెండోదాని సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

మాస్టారు ఇల్లు చేరేసరికి దవడ ఉబ్బి, నోటినిండా దూది. రాత్రి దాకా నోరు తెరవొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చెప్పు విప్పుతుండగానే ఫోన్ మోగింది. ఆయన మరదలు, భార్య చెల్లెలు. పెద్ద టీచరమ్మ ఆమెకు కబురు చేరవేసింది.

"బావా, నిజమేనా?"

"ఊఁ?"

"అక్క పోయాక నువ్వు ఒక్కడివే మాడిన రొట్టెలు తింటుంటే నాకెలా ఉండేదో తెలుసా? ఇంకో పెళ్లి చేసుకో బావా అని ఎన్నిసార్లు అనుకున్నానో, నోరు రాలేదు. నువ్వే ఒక దారి చూసుకున్నావు. అక్క ఏమీ అనుకోదులే."

మాస్టారు మళ్లీ ఊఁ అన్నారు. ఏ దారో ఆయనకు తెలియలేదు. ఆ గొంతులో ఉన్న దయ మాత్రం తెలిసింది, దాన్ని కాదనబుద్ధి కాలేదు. రేపు పొద్దున్నే బయలుదేరి వస్తానని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే పెద్ద టీచరమ్మ పూలగుత్తితో, డ్రిల్లు టీచరు ఒకే రంగు దిండ్లు రెండు చెరో చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. మాస్టారు కాగితం తీసుకుని 'ఎవరి పెళ్లి?' అని రాశారు.

"ఇంకా దాపరికం ఎందుకండీ, గువ్వ రాసేసిందిగా," అంది పెద్ద టీచరమ్మ. "అంతమంది చూసేలా రాసింది మాస్టారూ. బడంతా చదివింది. వాళ్లమ్మ తాళంచెవుల గుత్తి పట్టుకుని ఆ పలక ముందే నిలబడిపోయింది."

'పెళ్లి లేదు, గిళ్లి లేదు' అని రాయబోయిన కలం ఆగింది. లేదంటే ఆ వెంటనే వచ్చే మాట ఏమిటో ఆయనకు తెలుసు: గువ్వ మళ్లీ తప్పు రాసింది. తెల్లారేసరికి తరగతంతా నవ్వుతుంది. ఇక ఆ చేయి సుద్దముక్క ముట్టదు. తప్పొస్తే చూసుకుంటానన్నది తనే. ఆ చూసుకోవడం ఈ వయసులో పెళ్లి దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆయన కలానికి మూత పెట్టి, చెప్పులు వేసుకుని బడివైపు నడిచారు. పెళ్లికొడుకు ఉన్నట్టుండి వెళ్లిపోతుంటే ఏం చేయాలో తెలియక పూలగుత్తి, దిండ్లు కూడా వెనకే నడిచాయి.

ఆయా వరండాలో ఒక్కో గదికి తాళం వేసుకుంటూ వస్తోంది. గువ్వ చిన్న గది మెట్టు మీద మోకాళ్లలో గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. మాస్టారు పలక వైపు చూశారు. పెద్ద పెద్ద అక్షరాలు, కాస్త వంకర. రెండో వరసలో మొదటి అక్షరానికి తలుపు మూసి ఉంది. ఒకసారి మూసి, నమ్మకం చాలక మళ్లీ దిద్ది మరీ మూసినట్టుంది.

దారి పొడవునా ఆయన ఆ పిల్ల తప్పును ఎలా కప్పిపుచ్చాలా అనే ఆలోచించారు. ఒప్పు రాసి ఉంటుందని ఒక్కసారీ తోచలేదు.

"తలుపు మూసే ఉంది టీచరమ్మా అని చెప్పబోయాను. బుగ్గ గిల్లారు," అంది గువ్వ తల ఎత్తకుండా. "తప్పొస్తే మీరు చూసుకుంటానన్నారు. సరిగ్గా వస్తే ఎవరు చూసుకుంటారు మాస్టారూ?"

మాస్టారు నోట్లోంచి దూది తీసి జేబురుమాలులో చుట్టుకున్నారు. "వెళ్లి," అని చదివారు, వెనక ఉన్నవాళ్లకు వినపడేలా. "వెళ్లి రేపు వస్తారు. నేను వెళ్లింది పన్ను పీకించుకోవడానికి. గువ్వ ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు." తర్వాత కిందకు వంగి, గొంతు తగ్గించి అడిగారు. "డాక్టరమ్మ దగ్గరికి అని కదమ్మా చెప్పాను. ఆ 'దగ్గరికి' ఏదీ?"

"గ కింద ఇంకో గ వస్తుంది కదా. భయమేసి వదిలేశా."

ఆ ఒక్క 'దగ్గరికి' లేకపోబట్టే ఆయన, డాక్టరమ్మ అంత దగ్గరయ్యారు.

"మరి ఆ రెండోది?" అన్నారు డ్రిల్లు టీచరు నెమ్మదిగా.

"అదీ పన్నేనండీ."

పెద్ద టీచరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని పలక దగ్గరికి వెళ్లి, రెండో వరస మళ్లీ చదువుకుంది. తర్వాత పూలగుత్తి గువ్వ ఒళ్లో పెట్టింది. "నేనే తప్పు చదివానే అమ్మా."

"పర్లేదు టీచరమ్మా," అంది గువ్వ, చిన్న గదిలో రోజూ తాను వినే గొంతుతోనే. "తొందరేం లేదు. వేలు పెట్టి, తలుపు చూసుకుని చదవండి. వచ్చేస్తుంది."

డ్రిల్లు టీచరు మొహం దిండులో దాచుకున్నారు. ఆయా మాత్రం చీరచెంగుతో కళ్లు ఒత్తుకుంది. మాస్టారు ఒక దిండు అడిగి తీసుకుని దవడకు ఆనించుకున్నారు, మెత్తగా ఉంది. రేపు దిగబోయే మరదలికి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. అయినా రానివ్వచ్చు. వస్తే రొట్టె గీకి పెడుతుంది.

ఆయా పలక మీది సుద్ద చెరగకుండా ఒక చేత్తో పట్టుకుని, చిన్న గది తలుపు చప్పుడు కాకుండా మూసింది. మూసి ఉందని ఈసారి అందరూ సరిగ్గానే చదివారు.