ఏడో వరస పసుపు

జిల్లాలో ఇకమీదట పసుపు దుంపకుళ్ళు అనే మాట వినపడకూడదని మంత్రిగారు తిరుపతి సభలో ప్రకటించారు. వ్యవసాయ శాఖ క్రమశిక్షణకు మారుపేరు. మర్నాటి నుంచే ఆ మాట అనడం మానేసింది. మిగిలిన పని పూర్తిచేయడానికి మంత్రిగారు స్వయంగా వడమాలపేట దగ్గరి పరిశోధన క్షేత్రానికి రావాలని నిర్ణయించారు.

ఆ క్షేత్రంలో పసుపు చూసే శాస్త్రవేత్త యోగానంద. ఆయన పన్నెండు రకాల పసుపు తెచ్చి, పన్నెండు వరసల్లో నాటి, ఆ మట్టికి కావాలనే కుళ్ళు తెగులు అంటించాడు. పదకొండు వరసలు కుళ్ళిపోయాయి. కొండపల్లె నుంచి తెచ్చిన ఏడో వరస ఒక్కటే, చిక్కి శల్యమైనా, చావలేదు. పల్లెవాళ్ళు తమ దగ్గర మిగిలిందంతా ఉడకబెట్టి అమ్మేసుకున్నారు. కాబట్టి ఆ రకానికి లోకంలో మిగిలిన విత్తనమంతా ఆ వరసలోనే ఉంది. ఇంకో నెలలో తవ్వితే మొదటి బుట్ట రైతు కుప్పయ్యది. వరసగా రెండేళ్ళు పంట కుళ్ళి, ఈ ఏడు చేను బీడు పెట్టుకుని కూచున్న మనిషి ఆయన. దారిన పోతూ కంచె దగ్గర ఆగి, "ఏడోది ఎట్లుండాది సార్?" అని ఇంట్లో పసిబిడ్డ గురించి అడిగినట్టు అడిగేవాడు.

మంత్రిగారి రాకకు ముందురోజు పెద్దాఫీసరు ప్రతాప్‌గారు వచ్చి మడి చూసి అదిరిపడ్డారు.

"ఏందయ్యా ఇది? శ్మశానం మాదిరి ఉండాది!"

"సిక్ ప్లాట్ సార్," అన్నాడు యోగానంద. "రోగం మేమే పెట్టినాం."

"గవర్నమెంటు భూమిలో గవర్నమెంటే రోగం పెట్టినాదా? పేపరోళ్ళు వింటే?"

"రోగం లేకపోతే తట్టుకునేది ఏదో ఎట్ల తెలుస్తాది సార్?"

"మంత్రిగారు వచ్చేది తట్టుకున్నవి చూడనీకి. సచ్చినవి చూడనీకి కాదు."

చీకటి పడేలోగా చచ్చిన పదకొండు వరసలూ పోయాయి. పక్కఊరి శాంతయ్య తోటలోంచి నడుమెత్తు పసుపు మొక్కలను మట్టిగడ్డలతో సహా తెచ్చి వాటి స్థానంలో పాతారు. పేర్ల బోర్డులు మాత్రం మార్చలేదు. ప్రతాప్‌గారు అంత నిజాయితీపరులు. ఏడో వరసను ముట్టొద్దని యోగానంద కాళ్ళావేళ్ళా పడితే, "బతికినోడిని మనమెందుకు కదిలిస్తాం అబ్బా!" అని కరుణించారు కూడా.

మర్నాడు మంత్రిగారు విచ్చేశారు. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలున్న ఆసామి. చెట్టును చూడగానే జాతకం చెప్పగలరని పేరు.

"అన్నీ తట్టుకున్నాయా?"

"తమరొస్తారని తెలిసినాక తట్టుకున్నాయి సార్," అన్నారు ప్రతాప్.

మంత్రిగారు సంతోషంగా నడుస్తూ ఏడో వరస దగ్గర ఆగిపోయారు. చుట్టూ ఏపుగా ఉన్న పైరు మధ్యలో మోకాలెత్తున, అంచులు పండిపోయిన ఆకులతో అది నిలబడి ఉంది.

"దీనికి రోగమొచ్చినాదే!"

"వచ్చినా బతికినాది సార్," అన్నాడు యోగానంద ఆత్రంగా.

"మరి మిగతావి?"

ప్రతాప్‌గారు యోగానంద కాలు తొక్కారు. యోగానందకు ఉద్యోగం ఉంది, ఉద్యోగం మీద సంసారం ఉంది. పైగా అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"వాటికి రోగమే రాలేదు సార్," అన్నాడు.

"చూసినావా! పదకొండు మంచివి, ఒకటి చెడ్డది. పక్కదానికి అంటకముందే పీకేయాల. పార తీసుకురాండప్పా!"

కెమెరాల ముందు మొదటి వేటు మంత్రిగారే వేశారు. మిగతాది అనుచరులు పూర్తిచేశారు. అక్కడికక్కడే పదకొండు రకాలూ తెగులు తట్టుకునేవిగా విడుదలయ్యాయి. శాంతయ్య తోట దుంపల మొదటి సంచి చప్పట్ల మధ్య కుప్పయ్య భుజాన పడింది.

కుప్పయ్య వేదిక దిగి వచ్చాడు. "సార్, దీంట్లో ఏడోది ఉండాదా?"

యోగానంద కంచె వైపు పరుగెత్తాడు. అక్కడ ఏడో వరసను తగలబెట్టిన మంట ఆరిపోతోంది. రోగపు దుంపలు మిగలకూడదని ప్రతాప్‌గారి ఆజ్ఞ. పక్కనే కూలిమనిషి మునిలక్ష్మి రోట్లో ఏదో దంచుతోంది.

"ఏం దంచుతుండావమ్మా?"

"మంత్రిగారికి దిష్టి తీయాల గదా సార్. పసుపు లేదంటే మంటలోంచి ఒక దుంప తీసి ఇచ్చినారు."

ఆమె ఆ ముద్దను పళ్ళెంలో నీళ్ళు పోసి కలిపి, చిటికెడు సున్నం వేసింది. మంత్రిగారి ముందు మూడుసార్లు తిప్పి, "ఏ పీడా అంటకుండా సల్లగుండాల," అని దారికడ్డంగా పారబోసింది. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ తడి మీదుగా పోయాయి.

ప్రతాప్‌గారు నేలకేసి చూసి యోగానంద భుజం తట్టారు.

"మేలురకం పసుపప్పా ఇది! ఒక్క దుంపకే నీళ్ళు ఎంత ఎర్రగా తిరిగినాయో చూడు."